పాటకు దారెవరు చూపారు?

గుత్తి దగ్గరి తండాలో పుట్టిన గొంతు హైదరాబాదు వెళ్లి, ప్రపంచమంతా చుట్టి, చివరికి బెళుగుప్పలో సెల్‌ఫోనులోంచి వినిపిస్తోంది. మధ్యలో ఆ పాట చెయ్యి పట్టుకుని నడిపించినవాళ్లెవరు? రేడియో అనౌన్సరా, క్యాసెట్ల కొట్టువాడా, స్నేహితుడా? ఎవరూ కాదు... ఓ లెక్క! ‘ఇది విన్నారు కదా, అదీ వినండి’ అంటూ కొత్త పాటల్ని ముందుకు తోసే ఆ లెక్క కథే ఇది.

‘ఊ అంటావా’ పాట వినని చెవి ఉందా? 2021 డిసెంబరులో ‘పుష్ప’ వచ్చాక పెళ్లి బరాత్ నుంచి వినాయకుడి మండపం దాకా అదే మోత. తెలుగులో ఆ పాట పాడింది ఇంద్రావతి చౌహాన్. కన్నడంలో అదే పాటను పాడింది మంగ్లీ. ఇద్దరూ తోబుట్టువులు. అనంతపురం జిల్లా గుత్తి మండలం బసినేపల్లి తండా బిడ్డలు.

బెళుగుప్ప కూడా అదే జిల్లా. ఉరవకొండ, కళ్యాణదుర్గం, రాయదుర్గం మధ్యలో, బళ్లారికి దగ్గరగా, సగం మాటలు తెలుగులోనూ మిగతావి కన్నడంలోనూ దొర్లే మండలం. ఇక్కడివాళ్లకు గుత్తి పరాయి ఊరేమీ కాదు. అయినా మంగ్లీ గొంతు గుత్తి నుంచి నేరుగా బస్సెక్కి బెళుగుప్పకు రాలేదు. తిరుపతిలో సంగీతం నేర్చుకుని, హైదరాబాదులో వీ6 ఛానెల్లో తీన్మార్ వార్తలతో జనానికి దగ్గరై, యూట్యూబులో పండగకో పాట పాడుతూ తెలంగాణ పల్లెల్ని చుట్టి... అప్పుడొచ్చింది. పొరుగింటి బిడ్డ పాట మనింటికి చేరడానికి ఇంత చుట్టు తిరగాలా అనిపిస్తుంది. కానీ ఈ కాలంలో పాట నడిచే బాట అదే.

కాలువ వచ్చింది... పొలానికో?

బెళుగుప్ప వాళ్లకు ఈ సంగతి నీళ్ల భాషలో చెబితే ఇట్టే అర్థమవుతుంది. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లా ఇది. వానదేవుణ్ని నమ్ముకుని శెనక్కాయ విత్తడం, ఆకాశం వైపు చూడటం తరతరాల అలవాటు. శ్రీశైలం వెనక జలాల్ని మోటార్లతో ఎత్తిపోసుకుంటూ తెచ్చిన హంద్రీ నీవా మొదటి దశ కాలువ వచ్చి ఆగింది ఈ మండలంలోని జీడిపల్లి జలాశయం దగ్గరే. పెద్ద కాలువ రావడం ఒక ఎత్తు. అక్కణ్నుంచి పిల్లకాలువలు తవ్వి ప్రతి చేనుకూ తడి అందించడం ఇంకో ఎత్తు. ఆ తేడా ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పాట సంగతీ అంతే. 2016 సెప్టెంబరులో జియో వచ్చేదాకా ఒక జీబీ డేటా అంటే రెండొందల రూపాయల పైమాట. పాట కావాలంటే సెల్‌ఫోన్ల కొట్టుకెళ్లి మెమరీ కార్డు ఇచ్చి ‘కొత్తవన్నీ ఎక్కించన్నా’ అనేవారు. ఏం ఎక్కించాలో ఆ కొట్టు కుర్రాడి ఇష్టం. ఊరి అభిరుచి అంతా అతగాడి కంప్యూటరులో ఒక ఫోల్డరు! డేటా చవకయ్యాక పెద్ద కాలువ వచ్చేసినట్టయింది. కోట్ల పాటలు. ఏ పాట ఏ చెవికి చేరాలో నిర్ణయించే తూములు మాత్రం ఊళ్లో లేవు. ఎక్కడో దూరంగా, కంపెనీల కంప్యూటర్లలో ఉన్నాయి.

పాపడు బళ్లారికి ఎలా వచ్చాడు?

పాటలు ఊళ్లు దాటడం సెల్‌ఫోనుతో మొదలైందనుకుంటే పొరపాటు. సర్వాయి పాపడి కథే చూడండి. ఇప్పటి జనగామ జిల్లాలోని ఖిలాషాపూర్‌లో కోట కట్టుకుని, మొగలు సుబేదార్లను గడగడలాడించి 1710లో ప్రాణాలు పోగొట్టుకున్న వీరుడు. అతని మీద కట్టిన వీరగాథను జె.ఎ.బాయిల్ అనే ఆంగ్లేయ అధికారి సేకరించి 1874లో ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో అచ్చువేశాడు. ఆయన ఆ పాట విన్నది ఓరుగల్లు ప్రాంతంలో కాదు... బళ్లారిలో!

ఎక్కడి ఖిలాషాపూర్, ఎక్కడి బళ్లారి! మధ్యలో నిజాం సరిహద్దు, కృష్ణ, తుంగభద్ర. పాపడు పోయి నూటయాభై ఏళ్లు దాటింది. అయినా పాట నడిచొచ్చింది. జోలె భుజాన వేసుకుని ఊరూరా తిరిగే పాటగాళ్లు దాన్ని మోసుకొచ్చారు. వాళ్లకూ ఓ లెక్క ఉండేది. ఏ ఊళ్లో ఏ కథ చెబితే గింజలు ఎక్కువ రాలతాయో, ఎవరి రచ్చబండ దగ్గర ఏది పాడకూడదో వాళ్లకు కొట్టినపిండి. వినేవాడి ముఖం చూసి పాట మార్చేవారు. నేటి యాప్ చేసే పని కూడా అదే. కాకపోతే ముఖం బదులు మన వేలు చూస్తుంది. ఎక్కడ నొక్కాం, ఎన్ని సెకన్లకు దాటేశాం, ఏది మళ్లీ విన్నాం అని.

ఆ తర్వాత రేడియో వచ్చింది. 1957లో వివిధభారతి మొదలైంది. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపిస్తుంటే సముద్రం అవతలి గొంతు కోసం ఇక్కడ స్టేషను ముల్లు తిప్పుతూ కూర్చున్నవాళ్లెందరో. ‘కోరిన పాటలు’ కార్యక్రమానికి పోస్టుకార్డు రాసి, తమ పేరు, ఊరు పేరు రేడియోలో వినబడితే పండగ చేసుకున్న తరం అది. పాట కన్నా ముందు వినిపించే ఆ పేర్ల జాబితా ఉంది చూశారూ, అదే అసలైన సిఫార్సు. పలానా ఊరివాళ్లు, ఆ వీధి స్నేహితులు అందరూ కలిసి కోరారంటే ఆ పాటలో ఏదో ఉందనే కదా!

క్యాసెట్ల కాలంలో ఆ పెత్తనం కొట్టువాడికి దక్కింది. తెల్లకాగితం మీద పాటల పేర్లు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్లో నింపించుకుంటే, చివర్లో మిగిలిన మూడు నిమిషాల చోటులో తనకు నచ్చిన పాట ఒకటి అతనే ఎక్కించేసేవాడు. అలా అడక్కుండా దొరికిన పాట జీవితాంతం ఇష్టమైపోయిన వాళ్లు ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలోనూ ఉంటారు. ఇక 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలయ్యాక, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఒక్కో పాట వెనక ఉన్న రచయితనీ, స్వరకర్తనీ, రాగాన్నీ పేరుపేరునా పరిచయం చేస్తుంటే కుటుంబమంతా టీవీ ముందు చేరి కొత్తగా పాత పాటలు నేర్చుకుంది.

ఈమెయిలు రాస్తే పాట చెప్పేది

మనిషి పనిని యంత్రానికి అప్పజెప్పాలన్న ఆలోచన 1994లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. ఉపేంద్ర శార్దానంద్ అనే విద్యార్థి, ఆచార్యురాలు పాటీ మేస్‌తో కలిసి ‘రింగో’ అనే కార్యక్రమం రాశాడు. దానికి ఈమెయిలు పంపాలి. కొందరు గాయకుల పేర్లు వస్తాయి. వాళ్లకు 1 నుంచి 7 దాకా మార్కులు వేసి తిప్పి పంపాలి. మీలాగే మార్కులు వేసినవాళ్లెవరో రింగో వెతికి, వాళ్లకు నచ్చి మీరింకా విననివాటిని మీకు చెబుతుంది. అంతే! ఆ తర్వాతి ఏడాది వాళ్లు రాసిన పరిశోధన పత్రంలో దీన్ని నోటిమాటను యంత్రంతో చేయించడంగా వర్ణించారు. చక్కటి మాట.

నేటికీ ఈ పద్ధతే పునాది. ఇంటి భాషలో చెప్పుకుందాం. బెళుగుప్పలో ఒకావిడ, రాయదుర్గంలో మరొకావిడ. ఒకరికొకరు తెలియదు. ఇద్దరూ ఘంటసాల భగవద్గీత వింటారు, ఇద్దరూ పెంచల్‌దాస్ పాటలు వింటారు, ఇద్దరూ రాజ్‌కుమార్ కన్నడ పాటలు వింటారు. రాయదుర్గం ఆవిడ ఓ రోజు ఓ దాసర పదం విని మళ్లీ మళ్లీ పెట్టుకుంది. మర్నాడు బెళుగుప్ప ఆవిడ ఫోనులో అదే పాట ప్రత్యక్షం! ఆ పాటలో ఏముందో యంత్రానికి తెలియదు. అది భక్తిపాటో, బాధపాటో కూడా తెలియదు. ఇద్దరి అలవాట్లు ఒకలా ఉన్నాయన్న సంగతి ఒక్కటే తెలుసు. దూరాన ఉన్న తెలియని వియ్యపురాలు రహస్యంగా సారె పంపినట్టన్నమాట.

ఇంకో దారి, పాటనే విప్పి చూడటం. 2000లో మొదలైన ‘మ్యూజిక్ జీనోమ్ ప్రాజెక్ట్’ అలాంటిదే. టిమ్ వెస్టర్‌గ్రెన్, అతని మిత్రులు సంగీతం చదువుకున్నవాళ్లను కూర్చోబెట్టి ఒక్కో పాటనూ వినిపించారు. గొంతు బొంగురా, నాజూకా, లయ ఎలాంటిది, ఏ వాద్యం ముందుంది... ఇలా 450 దాకా లక్షణాలు రాయించారు. దాంతో నడిచిందే ‘పండోరా’. అమెరికాలో ఉద్యోగాలకెళ్లిన మన కుర్రకారు దాంట్లో మునిగితేలారు. లైసెన్సుల చిక్కుల వల్ల 2007లో అమెరికా బయటివాళ్లకు దాని తలుపులు మూసేశారు. బ్రిటన్‌లో 2002లో మొదలైన ‘లాస్ట్ ఎఫ్ఎం’ మొదటి దారి పట్టింది. కంప్యూటర్లో మీరు విన్న ప్రతి పాటనూ చిట్టా రాసుకుని మీ జతగాళ్లను వెతికిపెట్టేది. 2007లో దాన్ని సీబీఎస్ 28 కోట్ల డాలర్లకు కొంది. వినేవాళ్ల చిట్టాపద్దుకు అంత విలువా అని లోకం నోరెళ్లబెట్టింది.

ఈ రెండు దారుల్నీ కలిపి, పాట శబ్దాన్ని యంత్రమే విని లెక్కగట్టే పద్ధతినీ జోడించింది స్వీడన్ కంపెనీ స్పాటిఫై. 2014లో ‘ఎకో నెస్ట్’ సంస్థను కొని, 2015 జులైలో ‘డిస్కవర్ వీక్లీ’ మొదలెట్టింది. ప్రతి సోమవారం ఎవరి పాటలు వాళ్లకు, ముప్ఫై. మనదేశానికి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటికే 2007లో పుట్టిన సావన్, 2010లో వచ్చిన గానా మన పాటలతో పాతుకుపోయి ఉన్నాయి. సావన్ కాస్తా జియోతో కలిసి 2018లో జియోసావన్ అయ్యింది. ఇక వీటన్నిటికన్నా పెద్ద పాటలపెట్టె యూట్యూబు. తమ దగ్గర జనం చూసే సమయంలో 70 శాతానికి పైగా సిఫార్సుల వల్లేనని ఆ సంస్థే 2018లో చెప్పుకుంది. అంటే మనం వెతుక్కుని వినేది కొంచెం, అది వడ్డించింది వినేదే ఎక్కువ!

మేలు జరగలేదా అంటే...

జరిగింది. కాదంటే అన్యాయం. రాయలసీమ యాసంటే సినిమాల్లో కత్తులు, బాంబులు, తొడకొట్టడాలేనన్న రోజుల్లో 2018లో ‘కృష్ణార్జున యుద్ధం’ కోసం కడప జిల్లా పెంచల్‌దాస్ తనే రాసి పాడిన ‘దారి చూడు’ వచ్చింది. సినిమా ఎంత ఆడిందన్నది పక్కనపెడితే పాట మాత్రం సినిమాను వదిలేసి సొంతంగా ఊరేగింది. కోస్తాలో, తెలంగాణలో, అమెరికాలో ఉన్న పిల్లలు సీమ మాటల్ని అచ్చంగా పలకడానికి ప్రయత్నించారు. అదే ఏడాది ‘అరవింద సమేత’లో ఆయన రాసిన ‘రెడ్డమ్మ తల్లి’ మోహన భోగరాజు గొంతులో వినిపించింది. ఒకటి విన్నవాళ్లకు రెండోది ఫోనే అందించింది.

ఆ మోహన భోగరాజే 2021లో పాడిన ‘బుల్లెట్టు బండి’కి సినిమా అండే లేదు. హీరో లేడు, ఆడియో వేడుక లేదు. ఓ ప్రైవేటు పాట. మంచిర్యాలలో ఓ కొత్త పెళ్లికూతురు బరాత్‌లో ఆ పాటకు వేసిన చిందు వీడియోగా బయటికొచ్చింది. యంత్రం దాన్ని పట్టుకుని ఫోను ఫోనుకూ పంచింది. సినిమా పాటే పాట అనుకునే తెలుగునేలలో ఇది చిన్న సంగతేం కాదు. దశాబ్దాలుగా సినిమా గేటు దగ్గర నిలబడిపోయిన జానపదానికి యూట్యూబు పక్కదారి చూపింది. మంగ్లీ కథ కూడా అదే కదా. ముందు యూట్యూబు, తర్వాత సినిమా.

అదే ఏడాది దర్శన్ కన్నడ సినిమా ‘రాబర్ట్’కు తెలుగు పాట ‘కన్నె అదిరింది’ మంగ్లీ పాడితే, సరిహద్దు అవతలివాళ్లు తమ భాషలో పాట ఉండగానే తెలుగు పాటను వెతుక్కుని మరీ విన్నారు. భాషల గోడ కట్టింది మనుషులే అయినా, యంత్రానికి ఆ గోడ కనిపించకపోవడం ఒక్కోసారి వరం. బళ్లారి గాలి తగిలే బెళుగుప్ప లాంటి చోట్ల అది మరీను. ఇక్కడివాళ్లకు రెండు భాషలూ ఇంటివే.

నలభై ఎనిమిది పాటల ప్రయోగం

మరి మంచి పాట ఎక్కడున్నా యంత్రం బయటికి తీస్తుందని నమ్మొచ్చా? దీనిమీద ఓ ముచ్చటైన ప్రయోగం జరిగింది. అమెరికాలో శాల్గనిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఎవరికీ అంతగా తెలియని బృందాలు పాడిన 48 పాటల్ని ఇంటర్నెట్లో పెట్టారు. 14,341 మంది విన్నారు. కొందరికి పాటలు మాత్రమే చూపించారు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ముందు వచ్చినవాళ్లు ఏ పాటను ఎన్నిసార్లు దించుకున్నారో కూడా చూపించారు. ఒక గుంపు సంగతి ఇంకో గుంపుకు తెలియదు.

ఫలితం 2006లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఎవరి చెవి వాళ్లు నమ్ముకున్నప్పటి కన్నా, పక్కవాళ్లు విన్నది చూపించినప్పుడు హిట్లు మరీ పెద్ద హిట్లయ్యాయి, మిగతావి మరీ అడుగుకు పోయాయి. పైగా ఏది హిట్టవుతుందో చెప్పడమే కష్టమైపోయింది. ఒకే పాట ఒక గుంపులో మొదటి స్థానంలో నిలిస్తే మరో గుంపులో నలభయ్యో స్థానానికి జారింది! మరీ గొప్ప పాట చతికిలపడటం, మరీ నాసిరకం నెగ్గడం అరుదే. మధ్యలో ఉన్నవాటి తలరాత మాత్రం మొదట్లో ఎవరు నొక్కారన్నదాని మీదే ఆధారపడింది. సంతలో జనం మూగిన కొట్టు దగ్గరికే ఇంకా జనం చేరినట్టు.

ఇప్పుడు అనంతపురం జిల్లా ఉరుముల్ని తలచుకోండి. జాతరల్లో అమ్మవారి ముందు నిలబడి వాయించే వాద్యం. పేరుకు తగ్గట్టే మబ్బు ఉరిమినట్టు మోగుతుంది. ఆకాశంలో ఉరుములకన్నా ఈ ఉరుముల్నే ఎక్కువ విన్న నేల ఇది! అలాగే ఎలుగు చర్మం టోపీ పెట్టుకుని, ఢమరుకం, పిల్లనగ్రోవి పట్టుకుని మైలారలింగడి పేరు తలుచుకుంటూ వచ్చే గొరవయ్యలు. విత్తనాల కోసం శెనక్కాయలు ఒలుస్తూ వసారాలో ఆడవాళ్లు ఒకరికొకరు అందించుకునే పదాలు. చెక్కభజనలు. తండాల్లో తీజ్ పండక్కి పాడే గోర్‌బోలీ పాటలు.

వీటిని కోట్లమంది విని ఉండరు. యంత్రానికి కావలసింది వేళ్ల గుర్తులు. ఎవరూ నొక్కని పాటను అది ఎవరికీ చూపించదు. ఎవరికీ చూపించని పాటను ఎవరూ నొక్కరు. ఈ ముడి విప్పడం పెద్దపెద్ద ఇంజినీర్లకే తలనొప్పి. కొత్త పాటకు మొదటి శ్రోతల్ని ఎలా తేవాలన్న ఈ చిక్కును వాళ్లు ‘కోల్డ్ స్టార్ట్’ అంటారు. చలికాలం పొద్దున మొరాయించే పాత డీజిల్ ఇంజను గుర్తొస్తే తప్పులేదు, ఇక్కడా సంగతి అదే. ఎవరో ఒకరు హ్యాండిల్ తిప్పాలి.

పాటకు పేరుండాలి

యంత్రం దగ్గర ఇంకో బలహీనత ఉంది. పేరు లేనిదాన్ని అది గుర్తుపట్టలేదు. బస్సులో వినిపించిన పాటేమిటో తెలుసుకోవాలంటే ‘షజామ్’ ఉంది. 2002లో బ్రిటన్‌లో ఫోను చేస్తే పాట పేరు చెప్పే సేవగా మొదలై, 2018లో యాపిల్ చేతికి వెళ్లింది. శబ్దంలోని ముఖ్యమైన బిందువుల్ని వేలిముద్రలా తీసి తన పెట్టెలోని ముద్రలతో పోల్చుతుంది. పెట్టెలో ముద్ర లేని పాటయితే చేతులెత్తేస్తుంది. ఓ గొరవయ్య పాటను దానికి వినిపిస్తే ఏం చెబుతుంది పాపం?

పోనీ, ఎవరో సెల్‌ఫోనుతో తీసి యూట్యూబులో పెట్టారనుకుందాం. దానికి ‘మా ఊరి జాతర’ అని పేరు. ఏ ఊరు? ఏ వాద్యం? పాడిందెవరు? ఏమీ ఉండదు. గోర్‌బోలీకి సొంత లిపి లేదు. ఒకరు తెలుగు అక్షరాల్లో, ఇంకొకరు ఇంగ్లీషు అక్షరాల్లో, కర్ణాటక తండాలవాళ్లు కన్నడంలో రాస్తారు. ఒకే పాట మూడు పాటలుగా చీలి మూడు మూలలా పడి ఉంటుంది.

సినిమాకెక్కిన జానపదాలకు కూడా పేరు తంటా తప్పలేదు. 2021లో ‘లవ్‌స్టోరీ’ కోసం సుద్దాల అశోక్‌తేజ రాయగా మంగ్లీ పాడిన ‘సారంగ దరియా’ కోట్ల వీక్షణలు అందుకుంది. దాని పల్లవికి మూలం తెలంగాణ జానపదం. అంతకుముందే టీవీ వేదిక మీద ఆ పాట పాడిన పల్లె గాయని తన పేరేదని అడగడం, దానిమీద పెద్ద చర్చ జరగడం తెలిసిందే. ఎన్ని కోట్లమంది విన్నా, మొదట పాడిన అవ్వ పేరు రాసుకునే గడి యంత్రం దగ్గర లేదు.

పేరుతోపాటే పైసలు. నెలనెలా వచ్చిన రాబడిని స్పాటిఫై ఒక రాశిగా పోసి, మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతుంది. 2024 నుంచి ఏడాదిలో కనీసం వెయ్యిసార్లు వినబడని పాటకు రికార్డింగు రాయల్టీ లేదంది. పాటను సిఫార్సుల్లో ముందుకు నెట్టాలంటే రాయల్టీలో కొంత తగ్గించుకోవాలన్న ‘డిస్కవరీ మోడ్’ను 2020లోనే తెచ్చింది. సంతలో ముందు వరసలో గంప పెట్టుకోవడానికి ఎక్కువ ఆశీలు కట్టమన్నట్టే కదా ఇది! పెద్ద కంపెనీకి అది లెక్కలోకి రాదు. చెక్కభజన బృందానికి వెయ్యి వినికిళ్లే ఓ కొండ.

వినేవాళ్లకూ నష్టాలున్నాయి. ఏళ్లతరబడి ఏరుకున్న పాటల జాబితా మనదనుకుంటాం. 2020లో వచ్చిన రెస్సో 2024 జనవరి ఆఖర్లో మనదేశంలో మూతపడింది. ఎయిర్‌టెల్ వారి వింక్ కూడా 2024లోనే తెరదించింది. గానా 2022లో ఉచిత వినికిడి ఆపేసింది. క్యాసెట్ల డబ్బా అటక మీద ఉన్నా ఎలుకలు కొరికితేనే పోయేది. ఇది మాత్రం ఓ ప్రకటనతో పోతుంది.

ఒక ఫోను, నలుగురి చెవులు

చాలా ఇళ్లలో ఇంకో వేడుక నడుస్తుంటుంది. ఫోను ఒకటే. పొద్దున్నే నాయనమ్మకు సుప్రభాతం, పదింటికి పసివాడికి చిట్టిచిలకమ్మ, సాయంత్రం కొడుక్కి మాస్ పాటలు, రాత్రి కోడలికి ఇళయరాజా. యంత్రానికి వీళ్లు నలుగురని తెలియదు. ఒక్కరే అనుకుంటుంది! ఆ వింత మనిషికి ఏం వినిపించాలో తెలియక సుప్రభాతం వెనకే ఐటెం సాంగు మోగించి ఇంట్లో గొడవ పెడుతుంది.

దీనికి మందు లేకపోలేదు. యూట్యూబులో పసివాడికి ఫోనిచ్చే ముందు వాచ్ హిస్టరీని ఆపేసి, తర్వాత మళ్లీ తెరవచ్చు. స్పాటిఫైలో ‘ప్రైవేట్ సెషన్’ పెట్టుకుంటే ఆ సమయంలో విన్నవి మన రుచుల లెక్కలో అంతగా కలవవు. కొత్త యాప్ పెట్టగానే ‘మీ భాష ఏది’ అని అడిగితే తెలుగుతో ఆగిపోకుండా కన్నడమో, తమిళమో కూడా నొక్కి చూడొచ్చు. నచ్చని పాట వచ్చినప్పుడు తిట్టుకుంటూ పూర్తిగా వింటే, అది మీకు నచ్చిందనే దాని లెక్క. దాటేయాలి. అన్నిటికన్నా మేలైన కిటుకు మాత్రం పాతదే. పాట నచ్చితే హీరో పేరు కాకుండా రాసినవారి పేరో, పాడినవారి పేరో కొట్టి వెతకడం. అప్పుడు యంత్రం చూపించే దారి మారిపోతుంది. ‘దారి చూడు’ నచ్చినవాళ్లు ఆ హీరో మిగతా సినిమా పాటల్లోకి కాకుండా, పెంచల్‌దాస్ వెనకాలే సీమ పల్లెల్లోకి నడుస్తారు.

యంత్రం మీద నమ్మకం లేనివాళ్లకు మనుషులు లేకపోలేదు. మద్రాసులో వి.ఎ.కె.రంగారావు నలభై వేలకు పైబడిన గ్రామఫోను రికార్డులు పోగుచేసి, ఏ పాట ఎందుకు వినాలో పత్రికల్లో రాసి రెండు మూడు తరాలకు చెవులు తెరిపించారు. అమెరికాలో ఉన్న చిమటా శ్రీనివాసరావు ‘చిమటా మ్యూజిక్’ పేరిట పాత తెలుగు సినిమా పాటల్ని ఏరి, సినిమా, సంవత్సరం, రచయిత, గాయకుల వివరాలతో ఇంటర్నెట్లో పేర్చారు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మొదలైన మన టాకీల పాటల్లో, కొట్లలో ఎప్పుడో మాయమైనవి ఎన్నో అలాంటి ఓపికమంతుల వల్లే తర్వాతివాళ్ల చెవిన పడ్డాయి. ఏ లెక్కా ఆ పాటల్ని వాళ్లకు సిఫార్సు చేయలేదు. పిచ్చి ఉంది కాబట్టి వెతికారు.

ఆ పిచ్చి ఉన్నవాళ్లు బెళుగుప్ప చుట్టుపక్కలా ఉండకపోరు. జాతరకు బెంగళూరు నుంచి సెలవు పెట్టుకుని వచ్చే కుర్రాళ్ల జేబుల్లో మంచి మైకున్న ఫోన్లే ఉంటాయి. ఉరుముల ముందు నిలబడి వీడియో తీయడం వాళ్లకు కొత్త కాదు. తీశాక చేయాల్సిన పని ఇంకో ఐదు నిమిషాలది. వాయించినవాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటే, పెద్దాయన పేరు, ఊరు, మండలం, వాద్యం పేరు, ఏ అమ్మవారి పాట, ఏ సంవత్సరం... ఇవన్నీ తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ కింద రాసిపెట్టడం. రాయదుర్గంలోనో, బళ్లారిలోనో, ఎక్కడో న్యూజెర్సీలోనో ఎవరో ‘ఉరుములు’ అని కొట్టినప్పుడు దొరకాలంటే, ముందు ఆ మాట అక్కడ రాసి ఉండాలి.